బర్మింగ్‌హామ్‌లో మూడు రోజులు: కొండకి అటూ ఇటూ

మా బావమరిదికి అలబామాలో, బర్మింగ్‌హామ్ యూఏబీలో (అలబామా యూనివర్సిటీ హాస్పిటల్) రెసిడెన్సీ, అంటే డాక్టర్‌గా శిక్షణ, వచ్చింది. అద్దె ఇల్లు చూడాలని అత్తగారినీ మామగారినీ కూడా ఎక్కించుకుని అట్లాంటా నుంచి బయల్దేరాం. ఐ-20 మీద సుమారు 150 మైళ్ళు. అలబామాలోకి రాగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి దారిలో ఆగినా పెద్దగా ఆలస్యం అనిపించలేదు. ఆగింది లీడ్స్ దగ్గర బకీస్‌లో. అది పెట్రోల్ బంకు కాదు, జాతర! బాత్రూమ్‌లు మాత్రం అద్దంలా ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తే అక్కడే ఆగండి.

ఊళ్ళోకి వస్తుంటే ఈస్ట్‌వుడ్ తగులుతుంది. 1960లో ఇక్కడ కట్టిన మాల్, పైకప్పుతో దక్షిణాది రాష్ట్రాల్లో వచ్చిన తొలి మాల్స్‌లో ఒకటి. ఇప్పుడక్కడ వాల్‌మార్ట్ ఉంది. ఎదురుగా 1976లో వచ్చిన సెంచరీ ప్లాజా 2009లో మూతపడింది, ఆ స్థలం అమెజాన్ పార్సిళ్ళకి పోయింది. కొండ అవతలున్న బ్రూక్‌వుడ్ విలేజ్ మాల్‌కి కూడా 2022లో తాళం పడింది.

ఆ కొండ పేరు రెడ్ మౌంటెన్. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి దగ్గర దగ్గరగా దొరకబట్టే 1871లో ఈ ఊరు పుట్టింది. కొండని కోసి వేసిన 280 రోడ్డు మీద వెళ్తుంటే రెండు పక్కలా రాతి పొరలు ఎర్రగా కనిపిస్తాయి. మామగారు వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. "ఆపు బాబూ, ఓర్ (ఖనిజం) చూద్దాం" అన్నారు. ఆ ట్రాఫిక్‌లో ఎక్కడ ఆపను! పైన రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ విగ్రహం ఉంది, 56 అడుగుల పోత ఇనుము. ముందు ఏప్రన్ ఉంది, వెనక ఏమీ లేదు. ఆ వెనక భాగం కొండ అవతలున్న హోమ్‌వుడ్ వైపు ఉంటుంది. అత్తగారు చూసీ చూడనట్టు దిగిపోయారు.

1960ల తర్వాత తెల్లవాళ్ళు పెద్ద సంఖ్యలో కొండ దాటేశారు, మాల్స్ వాళ్ళ వెనకే వెళ్ళాయి. హోమ్‌వుడ్, మౌంటెన్ బ్రూక్, వెస్టేవియా హిల్స్, హూవర్ దేనికదే ఊరు, దేని మేయర్ దానికే, దేని స్కూళ్ళు దానికే. ఇల్లు చూపించినావిడ గదుల కంటే ముందు స్కూళ్ళ గురించి చెప్పింది. మావాడికింకా పెళ్ళే కాలేదు.

హూవర్‌లోని రివర్‌చేజ్ గలేరియా మాల్ 1986 నాటిది. పొడవాటి అద్దాల కప్పు కింద ఉదయంపూట నడక కోసం వచ్చిన ముసలివాళ్ళే ఎక్కువ కనిపించారు. మాల్‌ని ఆనుకునే హోటల్ ఉంది కాబట్టి వానాకాలంలో పెద్దవాళ్ళకి హాయి. 280, 459 రోడ్లు కలిసేచోట ఉన్న సమ్మిట్ అనే షాపింగ్ సెంటర్‌లో కొట్లన్నీ ఆరుబయట వరసల్లో ఉంటాయి. జనం, కళ అక్కడే. కానీ ఎండలో ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి నడిచేసరికి అత్తగారు "ఇంతకంటే మన జగదాంబ సెంటర్ నయం" అనేశారు.

280 మీద బస చేయడం నా తప్పు. గదిలో సిగరెట్ కంపు, మార్చమంటే రెండో గదిలో ఏసీ మోత. సాయంత్రం నాలుగు దాటాక ఆ రోడ్డెక్కితే ప్రతి సిగ్నల్ దగ్గరా నిలబడాల్సిందే. హిందూ గుడి మాత్రం పెల్హామ్‌లో ఉంది, ఐ-65 మీద వెళ్ళొచ్చు, ఇబ్బంది లేదు.

మామగారికి అసలు యాత్ర స్లాస్ ఫర్నేసెస్‌లో జరిగింది. 1882 నుంచి 1971 దాకా ఇనుము కరిగించిన కొలిమి, ఇప్పుడు మ్యూజియం, టికెట్ లేదు. తుప్పు పట్టిన గొట్టం మీద చెయ్యి వేసి, వేడి గాలి ఇటు నుంచి, స్లాగ్ (కరిగిన మడ్డి) అటు నుంచి అంటూ చూపించారు. మాల్‌లో ఇరవై నిమిషాలకే బెంచీ వెతుక్కున్న మనిషి ఇక్కడ గంటన్నర నిలబడే ఉన్నారు.

చివరికి బావమరిది హోమ్‌వుడ్‌లో ఇల్లు తీసుకున్నాడు. కొండ దాటితే హాస్పిటలే. బాల్కనీలోంచి వల్కన్ కూడా కనిపిస్తాడు, వెనక నుంచి. అత్తగారికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.