డీమన్ కాపర్‌హెడ్, హోమ్ ఫైర్: ఏది ముందు చదవాలి?

బార్బరా కింగ్‌సాల్వర్ నవల ‘డీమన్ కాపర్‌హెడ్’ 500 పేజీలు దాటుతుంది, కమీలా షమ్సీ ‘హోమ్ ఫైర్’ దాదాపు అందులో సగం. టైమ్ లేదు, చిన్నదే చదువుతా అనేవాళ్ళకి నేను కూడా అదే చదవమంటాను, కానీ పేజీలు తక్కువని మాత్రం కాదు.

మొదటిది డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’కి కొత్త రూపం. కథ అమెరికాలో వర్జీనియా కొండల్లోని లీ కౌంటీకి మారింది. పిల్లల్ని కొట్టే క్రీకుల్ స్కూలు పోయి, ఫోస్టర్ పిల్లలతో, అంటే ప్రభుత్వం వేరే ఇళ్ళలో పెంచడానికి పంపే పిల్లలతో, చాకిరీ చేయించుకునే క్రీకీ పొగాకు చేను వచ్చింది. నొప్పి మాత్రలు కథ చెప్పే పిల్లాడు డీమన్ తల్లిని మింగేస్తాయి, తర్వాత ఫుట్‌బాల్‌లో మోకాలు పోయినప్పుడు డాక్టరు రాసిచ్చిన అవే మాత్రలు పిల్లాడినీ పట్టుకుంటాయి. ఇది కల్పించిన బాధ కాదు: ఆక్సీకాంటిన్ అనే మాత్రని 1996లో మార్కెట్లోకి తెచ్చిన పర్డ్యూ కంపెనీ, దానికి అలవాటుపడే ప్రమాదం గురించి తప్పుదారి పట్టించామని 2007లో కోర్టులో ఒప్పుకుంది. ఆ కొండల్లోనే ఉండే రచయిత్రికి ఆ కోపం ఎంత ఉందో పిల్లాడి గొంతులో వినిపిస్తుంది, ఆ గొంతు కోసమే నేను చివరిదాకా చదివాను. 2023లో పులిట్జర్ వచ్చిందంటే న్యాయమే. ఇబ్బంది ఒక్కటే. పాత్రలన్నీ పేర్లతో సహా డికెన్స్‌వే, అక్కడి మోసగాడు యూరయా హీప్ ఇక్కడ యూ-హాల్ అయ్యాడు, కాబట్టి పాతది చదివినవాళ్ళకి ఎవడు మోసం చేస్తాడో ముందే తెలిసిపోతుంది.

షమ్సీ కూడా పాత్రల్ని పాతదానిలోంచే తెచ్చింది, కానీ ఆమె దృష్టంతా ఒక్క ప్రశ్న మీదే. సుమారు 2,400 ఏళ్ళ కిందటి సోఫోక్లిస్ నాటకం ‘యాంటిగని’లోని ముడినే మధ్యలో పెట్టింది: దేశద్రోహి అని ముద్రపడిన సోదరుడి శవాన్ని పాతిపెట్టే హక్కు అక్కచెల్లెళ్ళకి ఉందా, లేదా? ఇక్కడ ఆ సోదరుడు లండన్ కుర్రాడు పర్వేజ్, ఐసిస్ మాటలు నమ్మి సిరియాలోని రక్కా వెళ్ళినవాడు. నాటకంలోని రాజు స్థానంలో, శవాన్ని బ్రిటన్‌కి రానివ్వనని పట్టుబట్టే హోం సెక్రటరీ (అక్కడి హోం మంత్రి) కరామత్ లోన్ ఉన్నాడు, అతనూ పాకిస్తానీ ముస్లిం కుటుంబంలోంచి వచ్చినవాడే. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడ తేలిగ్గా తెగదు, పైగా అతని వైపు వాదన వినడానికి రచయిత్రి అతనికి ఒక భాగం మొత్తం ఇచ్చింది.

నాటకంలో పిరికిదానిలా కనిపించే యాంటిగని తోబుట్టువు ఇస్మీన్‌కి ఇక్కడ జరిగిన న్యాయం కూడా చూడండి. నవల ఆమెతోనే, అంటే ఇస్మాతోనే, హీత్రో ఎయిర్‌పోర్ట్‌లో మొదలవుతుంది. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఆపేస్తారు, ఫ్లైట్ వెళ్ళిపోతుంది. తల్లి పోయాక కవలలు పర్వేజ్, అనీకాలని పెంచింది ఆమే, తమ్ముడి సంగతి పోలీసులకి చెప్పిందీ ఆమే. ఆమెది తప్పా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అనీకా, కరామత్ కొడుకు ఏమన్‌ల ప్రేమ మాత్రం కాస్త తొందరగా నడిచిపోయింది, అక్కడ ఇంకో 30 పేజీలు ఉంటే బాగుండేది.

ఈ నవల వచ్చింది 2017లో. 2018లో నిజంగానే పాకిస్తానీ మూలాలున్న సాజిద్ జావిద్ బ్రిటన్ హోం సెక్రటరీ అయ్యాడు, 15 ఏళ్ళ వయసులో సిరియా వెళ్ళిపోయిన షమీమా బేగం పౌరసత్వాన్ని 2019లో రద్దు చేశాడు. పాత నాటకం లోపలి తర్కాన్ని అంత గట్టిగా పట్టుకుంది కాబట్టే షమ్సీ రాసినదానికి ఇంత దగ్గరగా జరిగిందని నా నమ్మకం.

పెర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ ఎందుకు లేదంటారేమో. అదీ మార్క్ ట్వైన్ ‘హకల్‌బెరీ ఫిన్’కి కొత్త రూపమే, అద్భుతమైన పుస్తకమే, కానీ కథ బానిసత్వపు రోజుల్లోనే ఉంటుంది, నేటి చట్టాలతో నేరుగా తలపడే ఈ రెండిటి పక్కన పెట్టబుద్ధి కాలేదు.

కాబట్టి ‘హోమ్ ఫైర్’ ముందు. ఒక సాయంత్రం ‘యాంటిగని’ చదివేసి మొదలుపెడితే మరీ మంచిది, జరగబోయేది తెలిసినకొద్దీ భయం పెరుగుతుంది. ‘డీమన్’కి మాత్రం డికెన్స్‌ని తర్వాతే చదవండి.