పికప్ తొట్టిలో పడక: డ్రాయర్లు వద్దనుకుని తిరిగిన అనుభవం

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో పికప్ కొన్నవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ వీడియోలు చూసే ఉంటారు. తొట్టి నిండా చెక్కపని, లాగితే బయటికొచ్చే పొడుగాటి డ్రాయర్లు, వాటి మీద పరుపు, చుట్టూ చిన్న దీపాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వెనక పడుకుందామనుకునేవాళ్లకి మాత్రం నేను చెప్పేది ఒకటే, డ్రాయర్ల జోలికి పోకండి. మేం పెట్టించలేదు. కొన్నేళ్లుగా ఎండల్లోనూ మంచులోనూ అందులో పడుకున్నాక కూడా నాది ఇదే మాట.

మాది ఫోర్డ్ ఎఫ్-150, నాలుగు తలుపులది, ఆరున్నర అడుగుల తొట్టి. లోపలి పొడవు దాదాపు 79 అంగుళాలు. ఇదే బండికి ఎక్కువమంది కొనేది ఐదున్నర అడుగుల తొట్టి, అది 67 అంగుళాలే. ఐదడుగుల ఏడంగుళాల మనిషి అందులో నిటారుగా పడుకుంటే అటు తలా ఇటు పాదాలూ ఒకేసారి తగులుతాయి. ఐమూలగా పడుకోవచ్చంటారు, ఒక్కడికైతే నిజమే. ఇద్దరికి కుదరదు. పెద్ద తొట్టికి మూల్యం ఏంటంటే బండి 20 అడుగులు దాటిపోతుంది, మామూలు గరాజ్‌లో పట్టదు. బయటే పెట్టుకోవాలి కాబట్టి మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు ముందే చదువుకోండి.

తొట్టి మీద క్యాబిన్ ఎత్తుకి సమానంగా ఫైబర్‌గ్లాస్ టాపర్ ఉంది, అంటే తొట్టిని మూసే అద్దాల గూడులాంటి కప్పు. తొట్టి నేల నుంచి టాపర్ కప్పు దాకా టేపు పెడితే 40 అంగుళాలకి కాస్త అటూ ఇటూ వస్తుంది. డ్రాయర్లు పెడితే వాటికో పది, పన్నెండు అంగుళాలు, పరుపుకో నాలుగు. మిగిలేది పాతిక. మనిషి వీపు నిటారుగా పెట్టి కూర్చోవాలంటే 35 అయినా కావాలి. అంటే డ్రాయర్ల మీద పడుకుంటే దొర్లగలరు గానీ లేచి కూర్చోలేరు. వాన మొదలైతే ఇంక చూడాలి, ప్యాంటు మార్చుకోవడం కూడా పడుకునే చెయ్యాలి. వీడియోల్లో ఎప్పుడూ ఎండే కాస్తుంది, వాళ్లకేం!

మేం పరుపుని తొట్టి నేల మీదే వేశాం. రెండు చక్రాల గూళ్ల మధ్య ఈ బండికి 50 అంగుళాల పైచిలుకు వెడల్పుంది. ఫుల్ సైజు పరుపు 54 అంగుళాలు కాబట్టి అది పట్టదు. నాలుగంగుళాల ఫోమ్ కొని రొట్టెలు కోసే రంపపు పళ్ల కత్తితో అంచు కోసేశాను, మా ఆవిడ దానికి జిప్పుతో గలీబు కుట్టింది. తొట్టి అడుగు గాడులు గాడులుగా ఉంటుంది కదా, వాటి మీద అంగుళం మందం నురుగు బోర్డు, ఆ పైన పలచటి ప్లైవుడ్డు. చక్రాల గూళ్లకి ముందూ వెనకా గోడ వెంబడి మిగిలే మూలల్లో ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకున్నాం. గూళ్ల పైభాగం ఫోన్లకీ, కళ్లద్దాలకీ, నీళ్ల సీసాకీ అరుగు. బ్యాగులన్నీ రాత్రి ముందు క్యాబిన్లో వెనక సీట్లోకి పోతాయి. మొత్తం చెక్కపని ఒక సాయంత్రంలో అయిపోయింది. సోఫా తేవాలన్నా, మట్టి బస్తాలు తేవాలన్నా పరుపు మడిచి పక్కన పెడితే మళ్లీ మామూలు పికప్పే.

చలిరాత్రుళ్లలో అసలు శత్రువు చలి కాదు, మన ఊపిరి. 2015 నుంచి ఈ బండి బాడీ అల్యూమినియం, చలి ఇట్టే పట్టేస్తుంది. ఇద్దరు మనుషులు తలుపులు బిగించుకుని పడుకుంటే తెల్లారేసరికి టాపర్ అద్దాల మీద నీళ్లు ధారలు కట్టి పరుపు అంచుల మీదకి కారతాయి. రెండు పక్కల అద్దాలూ అంగుళం చొప్పున తెరిచి ఉంచాల్సిందే, ఎంత వణుకు పుట్టినా సరే. గాలి ఒక్క వైపు నుంచే వస్తే లాభం లేదు, ఎదురుగా పోవడానికీ దారి ఉండాలి. పరుపు కింద కూడా తేమ చేరుతుంది. పొద్దున్నే దాన్ని సగానికి మడిచి కాసేపు గాలి తగలనివ్వకపోతే బూజు ఖాయం. ఇంకో మాట, మెమరీ ఫోమ్ అయితే గడ్డకట్టే చలిలో చెక్కలా బిగుసుకుపోతుంది. మామూలు ఫోమే మేలు.

దుమ్ము సంగతి న్యూ మెక్సికో మట్టిరోడ్లలో తెలిసింది. బండి పోతుంటే వెనక గాలి సుడి తిరిగి టెయిల్‌గేట్ (తొట్టికి వెనక కిందికి దించే తలుపు) సందుల్లోంచి ధూళిని లోపలికి లాగుతుంది. సందుల చుట్టూ రబ్బరు సీలు అంటించాక చాలావరకు తగ్గింది. మట్టిరోడ్డు ఎక్కేముందు పరుపు మీద పాత దుప్పటి పరచడం మాత్రం మానలేదు.

కొనేముందు తప్పక చూడాల్సింది టాపర్ వెనక అద్దం. దాని పిడులు బయటే ఉంటాయి. లోపలి నుంచి తెరుచుకునే వీలుందో లేదో షాపులోనే లోపల కూర్చుని అద్దం మూయించి చూడండి. మా దాంట్లో రెండు పక్కలా గడియ కడ్డీలు లోపలికి కనిపిస్తాయి, వాటికి తాడు కట్టి పెట్టుకున్నాం. అద్దం తెరుచుకుంటే చాలు, చెయ్యి బయటికి చాపి టెయిల్‌గేట్ పిడి లాగొచ్చు.

వంట టెయిల్‌గేట్ మీదే, రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్ మీద. వానొచ్చినా స్టవ్ లోపల వెలిగించం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పోపు పెట్టేటప్పుడు పరుపు మీద దుప్పటి కప్పేస్తాం, లేకపోతే ఇంగువ వాసన వారం రోజులు వదలదు. పులిహోర కలుపుకుని బయల్దేరితే మొదటి రాత్రి స్టవ్ పనే ఉండదు. న్యూ మెక్సికో కొండల్లోని క్లౌడ్‌క్రాఫ్ట్ ఊరి వైపు నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి ఆవకాయ జాడీతో సహా తిండంతా రాత్రి క్యాబిన్లో పెట్టి తాళం వేస్తాం.

ఎక్కడ పడుకోవాలన్నది టెక్సాస్ వాళ్లకి పెద్ద చిక్కు. ఇక్కడ భూమిలో 95 శాతం దాకా ప్రైవేటు వాళ్లదే. రోడ్డు పక్క రెస్ట్ ఏరియాల్లో 24 గంటల దాకా బండి ఆపుకోవచ్చు, డేరా వెయ్యకూడదు. డేరా అక్కర్లేకపోవడమే ఇక్కడ మనకి కలిసొచ్చేది. రాష్ట్రం దాటి న్యూ మెక్సికోలో అడుగుపెడితే బీఎల్ఎం భూములూ (కేంద్ర ప్రభుత్వ భూములు), నేషనల్ ఫారెస్టులూ. చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. టెక్సాస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కులో అయితే మట్టిరోడ్ల పక్కనుండే సైట్లకి పర్మిట్ తీసుకోవాలి. ఫిబ్రవరిలో వెళ్లండి. 2012లోనే దానికి డార్క్ స్కై పార్కుగా, అంటే దీపాల వెలుగు సోకని చీకటి ఆకాశమున్న చోటుగా గుర్తింపొచ్చింది. అమావాస్య దగ్గర్లో పక్క అద్దంలోంచి కనిపించే చుక్కలు చూశాక హోటల్ గది మీద మనసు పోదు. జులై, ఆగస్టుల్లో టెక్సాస్ మైదానాల్లో మాత్రం ఈ పడక శిక్షే. అర్ధరాత్రి దాటినా లోపల ఉక్క తగ్గదు, చిన్న ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. ఆ నెలల్లో మేం 8,600 అడుగుల ఎత్తున్న క్లౌడ్‌క్రాఫ్ట్ దారే పడతాం.

తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మొదటిసారి లోపలికి తొంగిచూసి "గూడుబండిలా ఉందయ్యా, గడ్డి పరిస్తే సరిపోయేది" అన్నారు. ముక్కాలిపీట వేసి ఎక్కించాం. మధ్యాహ్నం కునుకు బాగానే తీశారు, రాత్రికి మాత్రం మోటెల్ అడిగారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది పనికిరాదు. రాత్రి బాత్రూముకి లేవాలంటే పాకి, అద్దం ఎత్తి, టెయిల్‌గేట్ దించి, కిందికి దిగాలి. రోజుకో ఊరు మారే ప్రయాణానికి దీన్ని మించింది లేదు. ఒకేచోట మూడు రోజులు ఉండాలంటే డేరాయే సుఖం, కనీసం నిలబడొచ్చు. పిల్లలున్నవాళ్లకి ఒక మాట, బండి కదులుతున్నప్పుడు వెనక ఎవర్నీ పడుకోనివ్వకండి.

ఖర్చులో సింహభాగం టాపర్‌దే. కొత్తది రెండు వేల డాలర్ల పైనే ఉంటుంది, పాతది వెతికితే సగానికి దొరుకుతుంది. కాకపోతే బండి మోడలూ, తొట్టి పొడవూ కలవాలి. ఎఫ్-150ది తెచ్చి టొయోటా పికప్ టకోమాకి పెట్టలేరు. రంగు కలవకపోయినా నష్టం లేదు గానీ బ్రేకు లైటు వైరింగు పనిచేస్తోందో లేదో చూసుకోండి, క్యాబిన్ వెనకుండే లైటుని టాపర్ కప్పేస్తుంది. దాదాపు 200 పౌండ్ల బరువు ఉండొచ్చు కాబట్టి డ్రైవర్ తలుపు దగ్గరుండే పసుపు స్టిక్కరు మీద బండి మోయగల బరువెంతో చదివి, అందులోంచి టాపర్‌నీ మనుషుల్నీ తీసేసి, మిగిలినదాన్ని బట్టే సామాను ఎక్కించండి.