మీటర్డ్ కనెక్షన్ నొక్కి మూడేళ్లు: నా అనుభవం

నా ల్యాప్‌టాప్‌లో ఇన్నాళ్లూ నన్ను కాపాడింది ఏదంటే, వైఫై ప్రాపర్టీస్‌లో ఎక్కడో కింద ఉండే మీటర్డ్ కనెక్షన్ అనే చిన్న స్విచ్. ఈ నెట్ కొలత మీద వచ్చేది, పొదుపుగా వాడమని విండోస్‌కి చెప్పే స్విచ్ అది. ఆన్ చేస్తే, చాలా అవసరమైనవి తప్ప విండోస్ అప్‌డేట్లు వాటంతట అవి డౌన్‌లోడ్ కావు. 2022లో విండోస్ 11 హోమ్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్న వారానికే దీన్ని ఆన్ చేశాను. అప్పటినుంచి కనపడ్డవాళ్లందరికీ ఇదే చెప్పాను, ఇప్పుడు మాత్రం ఆ మాటకి కొంచెం సవరణ చెప్పాలి.

ముందు నా పని సంగతి చెప్పాలి, లేకపోతే ఇంత గొడవ దేనికో అర్థం కాదు. తెనాలిలో ఇంట్లోనే కూర్చుని ఏడెనిమిది చిన్న షాపుల లెక్కలు చూస్తాను. ప్రతి నెలా 11లోపు వాళ్ల జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల బిల్లుల జీఎస్టీ రిటర్న్, వెళ్లిపోవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ బిల్లులు కొన్నవాళ్ల 2బీలో (కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్ చూపే జీఎస్టీ పట్టికలో) ఆ నెలకి కనపడవు, వాళ్లకి రావాల్సిన పన్ను క్రెడిట్ వచ్చే నెలకి జరిగిపోతుంది, వాళ్లు మా షాపువాళ్లని అడుగుతారు, షాపువాళ్లు నన్ను అడుగుతారు. విండోస్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ ఏమో రెండో మంగళవారం వస్తుంది, అంటే 8కీ 14కీ మధ్య ఎప్పుడైనా. మన టైమ్‌లో రాత్రి పదిన్నరకి, చలికాలమైతే పదకొండున్నరకి. నాకు ఊపిరి సలపని వారం, అప్‌డేట్ వచ్చే వారం చాలాసార్లు ఒకటే అవుతుంది.

పైగా అప్పట్లో నాకు నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి ఒకటిన్నర జీబీ. పోర్టల్‌లో బిల్లులు ఎక్కిస్తుంటే మధ్యాహ్నానికే డేటా అయిపోవచ్చిందని మెసేజ్ వచ్చేది, చూస్తే వెనకాల అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతూ ఉండేది. మీటర్డ్ ఆన్ చేశాక ఆ బాధ ఆ రోజుతో పోయింది. రాత్రి పదకొండు దాటాక ఆ రోజు డేటా ఏమైనా మిగిలితే ఎలాగూ పోయేదే కాబట్టి, నెలకోసారి అప్పుడు కూర్చుని నేనే డౌన్‌లోడ్ నొక్కేదాన్ని. నా ఇష్టం, నా టైమ్. ఆ సుఖం నిజంగా చాలా పెద్దది.

సర్వీసెస్‌లోకి వెళ్లి అప్‌డేట్ సర్వీసునే ఆపేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అది కొన్నాళ్లకి మళ్లీ తనంతట తానే లేచి కూర్చుంటుంది. లేవకపోయినా నేను ఆ పని చేయను. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, దాన్ని ఆపే ప్యాచ్ (ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మాత్రం రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. పది మంది లెక్కలు నా దగ్గర ఉన్నప్పుడు అప్‌డేట్ వద్దనే హక్కు నాకు లేదు, ఎప్పుడో చెప్పే హక్కు ఉంటే చాలు.

2025 జూన్‌లో జరిగింది ఇది. ఏప్రిల్, మే నెలల్లో పని ఎక్కువై నేను డౌన్‌లోడ్ నొక్కనేలేదు. జూన్ 8 ఆదివారం మా మరిది ఇంట్లో ఫైబర్ పెట్టించి, "వదినా, ఇంక డేటా అయిపోతుందన్న టెన్షన్ లేదు, హాయిగా చేసుకో" అని ల్యాప్‌టాప్‌కి కొత్త వైఫై కలిపి ఇచ్చాడు. సంతోషంగా పనిలో పడ్డాను. మీటర్డ్ అన్నది కంప్యూటర్‌కి కాదు, ఒక్కో నెట్‌వర్క్‌కి విడివిడిగా పెట్టుకోవాలన్న సంగతి నాకు తెలియదు. నేను పెట్టింది నా ఫోన్ హాట్‌స్పాట్‌కి. కొత్త వైఫైకి ఆ అడ్డు లేదు కాబట్టి ఆగి ఉన్నవన్నీ ఒక్కసారే దిగాయి. సోమవారం నుంచి టాస్క్‌బార్‌లో కుడివైపు రీస్టార్ట్ చేయమనే చిన్న నారింజ చుక్క కనపడుతూనే ఉంది, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను.

పదో తారీఖు రాత్రి ఎరువుల షాపు బిల్లులు వచ్చాయి. ఒంటిగంటన్నర దాకా ఎక్సెల్‌లో కొత్త షీటు తెరిచి, జీఎస్టీ నంబర్లు ఒక్కొక్కటీ సరిచూసి, ఇంక కళ్లు మూతలు పడుతుంటే సేవ్ చేయకుండానే మూత దించకుండా పడుకున్నాను. ఐదింటికి లేచి చూస్తే విండోస్ తనే రీస్టార్ట్ అయి అప్‌డేట్ తెర చూపిస్తోంది, 27 శాతం. నాది పాత రకం హార్డ్ డిస్క్, నెమ్మది. కాఫీ పెట్టుకుని వచ్చాను, 30. పాలవాడికి డబ్బులిచ్చి వచ్చాను, అదే 30. మొత్తం అయ్యేసరికి ఏడు దాటింది. ఎక్సెల్ తిరిగి ఇచ్చిన షీటులో సగం బిల్లులే ఉన్నాయి. మిగతా సగం మళ్లీ మొదట్నుంచి కొట్టి, రాత్రి పదిన్నరకి ఆఖరి రిటర్న్ ఫైల్ చేశాను. ఆ రోజు పిల్లలకి కూర కూడా మా అత్తగారే వండారు.

ఇంకో సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది. మీటర్డ్‌లో ఉన్నన్నాళ్లూ నా క్లౌడ్ బ్యాకప్ కూడా ఆగిపోతూ వచ్చింది. డేటా మిగులుతోందని నేను మురిసిపోయినదాంట్లో కొంత అదే.

ఇప్పుడు పద్ధతి మార్చాను. నెల మొదట్లోనే, ఐదు ఆరు తారీఖుల్లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఒక వారానికి పాజ్ నొక్కుతున్నాను. ఇది మొత్తం కంప్యూటర్‌కి వర్తిస్తుంది, ఏ వైఫై కలిపినా ఆగుతుంది. ఐదు వారాల దాకా పెట్టుకోవచ్చు కానీ, గడువు అయిపోతే అప్‌డేట్ చేశాకే మళ్లీ పాజ్ ఇస్తుంది. 11న రిటర్న్‌లు అయిపోయాక పన్నెండో తారీఖు సాయంత్రం పాజ్ తీసేసి, అన్నీ సేవ్ చేసి, నేనే రీస్టార్ట్ చేస్తాను. 20న 3బీ, అంటే పన్ను కట్టే నెలవారీ రిటర్న్, ఉంది కాబట్టి ఆ మధ్యలోనే పని అయిపోవాలి. యాక్టివ్ అవర్స్ (విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకూడని గంటలు) కూడా ఆటోమేటిక్ నుంచి తీసి ఉదయం 8 నుంచి రాత్రి 2 వరకు పెట్టాను, 18 గంటలకి మించి పెట్టనివ్వదు.

మరి మీటర్డ్ కనెక్షన్ మంచిదా అంటే, ఫోన్ డేటా మీద బతికేవాళ్లకి ఇప్పటికీ మంచిదే అంటాను. నేను ఊరెళ్లి హాట్‌స్పాట్ వాడినప్పుడు అదే పెట్టుకుంటాను. ఇంట్లో వైఫై ఉంటే పాజే మేలు, అదీ నాలా నెలలో ఏ తారీఖులు కీలకమో ముందే తెలిసినవాళ్లకి. విండోస్ ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లు గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్‌కి ముందే అడిగేలా పెట్టుకోవచ్చు, వాళ్లకి ఇంత అవస్థ లేదు. దానికోసం మళ్లీ డబ్బు పెట్టాలని నాకు లేదు, ఆ డబ్బుతో ముందు హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించుకుంటాను. అది వేశాక ఆ 27 శాతం ఎంత తొందరగా దాటుతుందో చూసి చెబుతాను.