అల్సర్ ప్రయోగానికి అడ్రినల్ గ్రంథులు తీసేయడమా, మెటిరపోనా?

ఒత్తిడి హార్మోన్ ఎలుక కడుపును పాడుచేస్తుందా, కాపాడుతుందా? ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకున్నవాళ్లు ఏటా నన్ను అడిగేది ఒకటే: డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలా, ఆ హార్మోన్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తీసేయాలా, దాని తయారీని ఆపే మందు మెటిరపోన్ వాడాలా?

డెక్సామెథసోన్ సులువే, కానీ ఈ ప్రశ్నకు పనికిరాదు. బయటినుంచి ఇచ్చిన ఆ స్టెరాయిడ్ ఎలుక సొంత ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టెరాన్‌ను అణిచేస్తుంది. ఇక మీరు చూసేది మందు పనిని, ఎలుక హార్మోన్ పనిని కాదు.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఒత్తిడికి లోనైన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు పెరగడం, కడుపులో పుండ్లు పడడం రెండూ చూశాడు. రెండూ కలిసి కనబడేసరికి హార్మోనే పుండుకు కారణమన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పావ్లోవ్ ఫిజియాలజీ సంస్థలో ఫిలరెటోవా బృందం ఆ హార్మోన్‌ను తగ్గించి చూసింది. పుండ్లు తగ్గలేదు, ముదిరాయి.

గ్రంథులు తీసేస్తే హార్మోన్ లేదన్న విషయంలో అనుమానం ఉండదు. కానీ దాంతోపాటు అడ్రినలిన్ తయారుచేసే గ్రంథి లోపలి భాగమూ, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోన్ కూడా పోతాయి. ఎలుకకు ఉప్పునీళ్లు పెట్టాలి, ఆపరేషన్ గాయం మానేదాకా ఆగాలి. మెటిరపోన్ అయితే కార్టికోస్టెరాన్ తయారీలో చివరి మెట్టునే ఆపుతుంది, కోత అక్కర్లేదు. పూర్తిగా ఆపదు కాబట్టి రక్తంలో స్థాయి కొలవక తప్పదు. అయినా నా ఓటు దీనికే. ఒత్తిడి కలిగించడానికి చలిలో కట్టేసి ఉంచడమే ఎలుకకు పెద్ద బాధ, దానిపైన ఆపరేషన్ కూడా ఎందుకు? ఎథిక్స్ కమిటీ అడిగేదీ ఇదే.

కార్టికోస్టెరాన్ పనిచేసే రిసెప్టర్‌ను అడ్డుకునే మిఫెప్రిస్టోన్ అనే మందు కూడా ఉంది. కానీ అది ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ రిసెప్టర్‌నూ అడ్డుకుంటుంది, అదనపు గ్రూపుగా పెడితే చాలు.

ఏ దారి ఎంచుకున్నా, తగ్గించిన కార్టికోస్టెరాన్‌ను తిరిగి ఇచ్చే గ్రూపు ఉండి తీరాలి. అసలు తీర్పు అక్కడే. హార్మోన్ తగ్గితే పుండ్లు పెరిగి, తిరిగి ఇస్తే తగ్గాయంటే అప్పుడే కాపాడింది హార్మోనే అనగలం. ఆ గ్రూపు లేని థీసిస్‌లు చూస్తే, అన్ని ఎలుకలు పడ్డ బాధ వృథా అయిందని మనసు కలుక్కుమంటుంది. ఇచ్చే డోసు ఒత్తిడిలో రక్తంలో కనబడే స్థాయికి దగ్గరగా ఉండాలి, అంతకు మించితే మళ్లీ డెక్సామెథసోన్ కథే.

అన్ని గ్రూపులకూ ప్రయోగం పొద్దున్నే మొదలుపెట్టండి. ఎలుకలో ఈ హార్మోన్ సాయంత్రానికి దానంతటదే పెరుగుతుంది. ఒత్తిడి పెట్టని గ్రూపు రక్తం తీయడంలో ఆలస్యం వద్దు, చేత్తో పట్టుకున్న కొన్ని నిమిషాలకే స్థాయి మారిపోతుంది.