ఇంజిన్ మౌంట్లు: రబ్బరువా, పాలియురేతేన్‌వా?

అనంతపురంలో పాత కారు ఇంజిన్ దించి, పని చేయించి, మళ్లీ ఎక్కించే రోజున ఈ ప్రశ్న వస్తుంది. ఇంజిన్‌ను కారు చట్రానికి పట్టి ఉంచే మౌంట్లు రబ్బరువి వేయించాలా, పాలియురేతేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వా?

రబ్బరు మెత్తన. ఇంజిన్ వణుకును చాలావరకు తనలోనే మింగేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగినా స్టీరింగ్ అదరదు. కానీ ఆయిల్ కారి తడిస్తే ఉబ్బి పాడవుతుంది. మన ఎండకు ఇంజిన్ వేడి తోడై, ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది.

పాలియురేతేన్ గట్టిది, ఆయిల్‌కు అంత తొందరగా లొంగదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ పెద్దగా ఊగదు. అయితే ఆ వణుకు సీట్లోకి వస్తుంది. పెద్దవాళ్లను ఎక్కించుకుని కర్నూలు దాకా, దాదాపు 150 కిలోమీటర్లు, వెళ్లేవాళ్లకు అది చిన్న ఇబ్బంది కాదు. ఇంటి కారుకు నేను రబ్బరే వేయించమంటాను. రేసు కారుకైతే రెండోది.

ఏది వేసినా, బిగించే పద్ధతి దగ్గరే చాలామంది తొందరపడతారు. దయచేసి పక్కనే నిలబడి చూడండి. ముందు బోల్టులన్నీ చేత్తో పట్టించాలి. ఇంజిన్ బరువు మౌంట్ల మీద పడి కుదురుకున్నాకే, మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో, బిగించాలి. రంధ్రం కలవలేదని రాడ్డుతో నెట్టి బోల్టు దూరిస్తే రబ్బరు మెలితిరిగిపోతుంది. అప్పుడు కొత్త మౌంటైనా మొదటి రోజు నుంచే వణుకు. ఇంకో మాట, ఇంజిన్ కింద జాకీ పెట్టేటప్పుడు మధ్యలో వెడల్పాటి చెక్క ఉండాలి, లేకపోతే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు సొట్టపోతుంది.