రెండు ఓఎస్‌ల సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు అడగండి

పోయినవారం మా ఆఫీసులో ఒకాయన, నేను కొన్న షాపులోనే ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. "విండోస్, ఉబుంటు రెండూ వేసే ఇచ్చారండీ, పైసా ఎక్కువ తీసుకోలేదు" అని సంబరంగా చూపిస్తుంటే నాకు గుండె గుభేలుమంది. ఉబుంటు అంటే విండోస్ లాగే ల్యాప్‌టాప్‌ని నడిపించే ఇంకో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం), లినక్స్ రకం. అందుకే 2024 నాటి నా గోడు ఇప్పుడు వెళ్లబోసుకుంటున్నాను.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుకోసం 28,000 పెట్టి హైదరాబాదులో కొన్నాను. మామూలుగా ఆన్ చేస్తే విండోస్ 11 వస్తుంది. ఎఫ్12 నొక్కి ఎంచుకుంటే ఉబుంటు. "అంతా మేమే సెటప్ చేశాం సార్, పాస్‌వర్డ్ ఒక్కటి మార్చుకోండి చాలు" అన్నారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను.

వాళ్ల పనితనం మొదటి నెలలోనే కనిపెట్టాల్సింది. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోయేది. పొద్దున పదింటికి నాలుగున్నర చూపించేది. షాపుకి తీసుకెళ్తే గడియారాన్ని నడిపే సీమోస్ బ్యాటరీ పోయిందని మార్చి 300 తీసుకున్నారు. మర్నాడు మళ్లీ నాలుగున్నరే. బ్యాటరీకేం కాలేదు. ఉబుంటు ల్యాప్‌టాప్ లోపలి బోర్డులోని గడియారంలో గ్రీనిచ్ టైము పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. ఉబుంటులో ఒక్క కమాండు ఇస్తే తీరిపోయే తగువు.

ఇక అసలు కథ. ఆగస్టు రెండోవారంలో విండోస్ అప్‌డేట్ అయ్యాక ఉబుంటు రావడం మానేసింది. ఎంచుకోగానే 'షిమ్ ఎస్‌బ్యాట్ డేటా వెరిఫై కాలేదు, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని ఇంగ్లీషులో రెండు లైన్లు, ఆ వెంటనే మెషిన్ ఆఫ్. విండోస్ మాత్రం శుభ్రంగా వస్తోంది. అప్పుడు ఇది మా ఒక్కరి ఇంట్లో జరిగింది కాదు. ఆగస్టు 13న వచ్చిన అప్‌డేట్, లోపాలున్న పాత లినక్స్ బూట్‌లోడర్లను (ఓఎస్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాములు) సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రాముల్నే మొదలవనిచ్చే కాపలా) రానివ్వకుండా చేసింది. వేటిని ఆపాలో చెప్పే పాలసీనే ఎస్‌బ్యాట్. రెండు ఓఎస్‌లున్న మెషిన్ల జోలికి వెళ్లదని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ, కొన్నింటిని గుర్తుపట్టలేకపోయింది. పూర్తి పరిష్కారం 2025 మేలో గాని రాలేదు.

షాపు కుర్రాడు బయాస్‌లోకి (ఓఎస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేశాడు. ఉబుంటు వచ్చింది. అక్కడిదాకా చేసింది సరైన పనే. కానీ అక్కడినుంచి విండోస్ ఆన్ చేస్తే నీలం తెర మీద బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ అడిగింది. మా అమ్మాయి తన మైక్రోసాఫ్ట్ అకౌంటంతా వెతికింది. లేదు. ఎందుకుంటుంది? మొదట సెటప్ చేసింది షాపువాళ్లు, వాళ్ల అకౌంటుతో. డిస్కుకి తాళం దానంతటదే పడింది, తాళంచెవి ఆ అకౌంటులోకి పోయింది. ఆ అకౌంటు తెరిచిన మనిషి ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడట.

"బోర్డులో కూడా ప్రాబ్లం ఉన్నట్టుంది సార్, ఫార్మాట్ తప్ప దారి లేదు" అన్నారు. నేను తల ఊపాను. తప్పు నాదీ ఉంది. వేసవి ఇంటర్న్‌షిప్ రిపోర్టు, రెండు నెలల కోడు పోయాయి. పైగా 1,500 బిల్లు.

నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి ఇది: సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసి ఉంటే ఆ కీ అడిగేదే కాదు. అది మారిందని కదా బిట్‌లాకర్ అడ్డుపడింది! మళ్లీ ఆన్ చేసి, విండోస్‌లోకి వెళ్లి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, బిట్‌లాకర్‌ని కాసేపు సస్పెండ్ చేసి, ఆ తర్వాత సెక్యూర్ బూట్ ఆపి, ఉబుంటులో మోక్‌యుటిల్ అనే కమాండుతో ఆ ఎస్‌బ్యాట్ పాలసీని తీసేసి, సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేసి ఉంటే అరగంటలో అయిపోయేది. బోర్డు ఇప్పటికీ భేషుగ్గా ఉంది.

కాబట్టి కొనేవాళ్లకి చెప్పేది, డబ్బు చేతిలో పెట్టకముందే విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఈ బిట్‌లాకర్ తాళమే) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆపించండి. ఇంటికొచ్చి మీ అకౌంటుతో లాగిన్ అయి మళ్లీ ఆన్ చేసుకుంటే కొత్త కీ మీ అకౌంటులోకే వస్తుంది. వీలైతే అసలు ఖాళీ డిస్కుతో తీసుకుని రెండూ మీరే వేసుకోండి, ఒక ఆదివారం పని. రిపేరుకి ఇచ్చేటప్పుడు 'అడగకుండా డేటా చెరపరాదు' అని రసీదు మీద రాయించుకోండి. మూతి ముడిస్తే ఇంకో షాపు చూసుకోండి.

ఆఫీసు ఆయన ల్యాప్‌టాప్ నిన్న సాయంత్రం తెరిచి చూశాం. ఎన్‌క్రిప్షన్ ఆన్. అకౌంటు షాపుదే. బిల్లు పట్టుకుని రేపు ఇద్దరం వెళ్తున్నాం.