మిడ్‌వైఫ్ చదువు: నేరుగా మూడేళ్లా, నర్సింగ్ తర్వాత 18 నెలలా?

ఇంటర్ బైపీసీ అయిన అమ్మాయి "నర్సు ఉద్యోగం కాదు, కాన్పులు చేసే మిడ్‌వైఫే అవుతాను" అంటే బ్రిటన్‌లో దారి సూటిగా ఉంటుంది. యూనివర్సిటీలో చేరి మూడేళ్లూ అదే చదువుతుంది. మన దగ్గర మాత్రం ముందు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లో, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లో పూర్తి చెయ్యాలి. ఆ తర్వాతే 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫరీ. 2018 మార్గదర్శకాల్లో కేంద్రం ఎంచుకున్నది ఈ దారే. తెలంగాణ అంతకు ముందు ఏడాదే కరీంనగర్‌లో 30 మంది నర్సులతో దీన్ని మొదలుపెట్టింది.

మామూలు కాన్పులు పెంచే మిడ్‌వైఫ్‌ల కోసం తెలంగాణకు ఆ తొందర ఎందుకో సిజేరియన్ల అంకెలు చూస్తే తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5. దేశం సగటు 21.5 మాత్రమే.

కాగితం మీద రెండు చదువులకూ లోటు లేదు. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య నేరుగా చేరేవాళ్లకు కనీసం మూడేళ్లు, నర్సింగ్ చేసి వచ్చేవాళ్లకు కనీసం 18 నెలలు అంటుంది. ఎటు వచ్చినా చదువులో కనీసం సగం ప్రాక్టికల్ ఉండాలి. తేడా అంతా లేబర్ రూమ్‌లో బయటపడుతుంది. నర్సుగా పనిచేసి వచ్చినామెకు బీపీ పెరిగినా, రక్తస్రావం మొదలైనా చెయ్యి వణకదు. కానీ నొప్పులతో వచ్చిన మనిషిని వెంటనే వెల్లకిలా పడుకోబెట్టడం, డ్రిప్ పెట్టి నొప్పులు పెంచడం, "ముక్కమ్మా, ముక్కు" అని అరవడం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయాయి. నడవనివ్వాలి, పక్కకు తిరిగో గొంతుక్కూర్చునో కననివ్వాలి, కోత పెట్టకుండా ఓపిక పట్టాలి అని నేర్పడం కన్నా ఆ పాత అలవాట్లు మాన్పించడమే కష్టం. నేరుగా చేరిన అమ్మాయికి ఆ బాధ లేదు. గర్భిణి రోగి కాదన్న మాట మొదటి రోజు నుంచీ వింటుంది. అయితే పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్నప్పుడు కాన్పుతో పాటు పాము కాటు కేసు కూడా వస్తే, నర్సింగ్ చదివినామెదే పైచేయి.

ఇక ఈ చదువు ఎవరికి అందుతోంది? ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ నర్సుకు 18 నెలల కోర్సు వరం. ఇద్దరు పిల్లల తల్లి కూడా ధైర్యం చేయొచ్చు. అదే ఏజెన్సీ గ్రామం నుంచి వచ్చే అమ్మాయికి మొత్తం దాదాపు అయిదేళ్లవుతుంది, పైగా ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ఫీజు టెన్షన్. నేరుగా చేర్చుకున్నంత మాత్రాన తలుపులు తెరిచినట్టేం కాదు. బ్రిటన్‌లో చదువు మధ్యలో ఆపేసిన పెద్దవయసు ఆడవాళ్లు ఏడాది యాక్సెస్ డిప్లొమా చేసి డిగ్రీలో చేరే వీలుంది, అది నాకు బాగా నచ్చింది. కానీ అక్కడే ఇంగ్లండ్‌లో 2017లో బర్సరీలు (ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం) ఎత్తేసి విద్యార్థుల్ని అప్పుల్లోకి నెట్టారు. 2020 నుంచి ఏడాదికి 5,000 పౌండ్ల సాయం మొదలుపెట్టి కొంత సర్దుకున్నారు.

అందరినీ కలుపుకోవడం వేరు, నాణ్యత వేరు అనుకునేవాళ్లు లేబర్ రూమ్ చూడాలి. నల్లటి ఒంటిరంగున్న పసికందుకు ఊపిరి అందకపోతే చర్మం మీద నీలం తెలియదు. పెదవులు, నాలుక, చిగుళ్లు చూడాలి. తెల్లతోలు బొమ్మలున్న పుస్తకంతో నేర్చుకున్నామె అది గమనించేలోపే ఆలస్యమవుతుంది. భాష సంగతీ అంతే. ఉట్నూరు వైపు గోండి మాట్లాడే విద్యార్థిని తరగతిలో ఒక్కతి ఉన్నా మిగతా వాళ్లకు నాలుగు మాటలు పట్టుబడతాయి. పాఠాలు, పరీక్షలు ఇంగ్లీషులో పెట్టి, ఆ పిల్లే వెనకబడిందంటే ఏం చెప్పాలి?

నన్నడిగితే, తెలుగు రాష్ట్రాలకు ఇవాళ్టికి 18 నెలల దారే మేలు. నర్సులు ఇప్పటికే ఉన్నారు, రిజిస్ట్రేషన్ ఉంది. మూడేళ్ల డిగ్రీతో బయటికొచ్చే అమ్మాయికి పోస్టే లేకపోతే ఆ పట్టా ఎందుకు? కానీ శిక్షణ అయ్యాక ఆమెను మళ్లీ జనరల్ వార్డుకు వేస్తే ఈ దారీ దండగే. ప్రత్యేక కేడర్ పోస్టులు ఇస్తే, ఏదైనా యూనివర్సిటీ చిన్న బ్యాచ్‌తో నేరుగా డిగ్రీ మొదలుపెట్టొచ్చు.

ఎందులో చేరేవాళ్లయినా కాలేజీని రెండే అడగండి. నా చేత్తో ఎన్ని కాన్పులు చేయిస్తారు? ఒక కాన్పు దగ్గర ఎంతమంది స్టూడెంట్లు నిలబడతారు? బ్రిటన్‌లో మామూలు లెక్క 40 కాన్పులు. పక్కన నిలబడి చూసి కేస్ బుక్కులో రాసుకున్నవి అందులోకి రావు.